ఉడుముపట్టు

హాజరుపట్టీని మేము ఇరువది సంవత్సరములకు పైగా వ్రాయుచున్నాము. దానిని వ్రాయుట వేఱు, చదువుట వేఱు అని మాకు నేర్పిన యొక బాలుని సంగతి ఈ సంచికలో మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట ఆదోనిలో మా తరగతియందు ఆ బాలుడు చదువుచుండెను. పేరు చెప్పము. మన పడమటి పల్లెలలో పనులు లేని కాలమున కుటుంబములకు కుటుంబములే గుంటూరుసీమకు మిరపకోతలకు వలసపోవుట అందఱు నెఱిగినదే. వాడును తలిదండ్రులతో పోయి, కోతలు ముగిసిన పిమ్మట మరల బడికి వచ్చెను. వచ్చినది మొదలు ఒకనాడు వచ్చును, మఱునాడు రాడు. పిదప వచ్చును, మరల రాడు. మేము పట్టీలో గుర్తులు వేయుచునే యుంటిమి. కూలిడబ్బు కంటబడిన పిల్లవానికి చదువు రుచింపదని తలంచి, ఒకనాడు తరగతి యెదుట వానిని సోమరి యని నిందించి గుమ్మమునొద్ద నిలువబెట్టితిమి. వాడు మాఱుపలుకలేదు.

మఱునాడు వాడు భయముచే బడికి వచ్చెను. మధ్యాహ్నపు వేళ పండ్లు కటకటలాడ వడవడ వణకుచు బల్లపై వ్రాలెను. బయట నిప్పులవంటి యెండ. వానికి మేము కప్పిన దుప్పటి చాలలేదు. కొంతసేపటికి ఒడలు పెనమువలె కాలెను. సాయంకాలమునకు చెమటలు పోసి జ్వరము విడిచెను. ఆసుపత్రిలో వాని వ్రేలినుండి నెత్తురుచుక్క తీసి, గాజుపలకపై పూసి చూచి, మలేరియా యనియు, అందును వైవాక్స్ అను జాతి యనియు చెప్పిరి.

"దినము విడిచి దినము వచ్చుచున్నది, అయ్యవారూ. మీతో చెప్పుటకు జడిసినాడు" అని వాని తల్లి పలికెను.

ఆ రాత్రి మేము హాజరుపట్టీ తెఱచి చూచితిమి. జ్వరము వచ్చిన దినములన్నియు మా చేతివ్రాతతోనే అందు వరుసగా నుండెను. ఈ జాతి క్రిమి ఎఱ్ఱ రక్తకణములోనికి దూరి, అందు పెరిగి, పెక్కు క్రిములై, ఇంచుమించు 48 గంటల కొకమాఱు కణమును పగులగొట్టుకొని వెలువడును. కణములు ఒక్కుమ్మడి పగిలిన వేళనే చలియు జ్వరమును వచ్చును. ఆ క్రిమి గడియారమును మా పట్టీ తప్పక చూపుచుండగా, మేము దానిని సోమరితన మని చదివితిమి.

వాడు తిరిగి వచ్చిననాడు, తరగతి యెదుట చేసిన తప్పును తరగతి యెదుటనే యొప్పుకొంటిమి. వాడు సిగ్గుపడి, మాట మార్చుటకో యేమో, "సార్, ఆ పురుగునకు చేతులు లేవు, పండ్లు లేవు గదా. నెత్తురుకణములోనికి ఎట్లు దూరును?" అని యడిగెను. ఉపాధ్యాయ కళాశాలలో మేము నేర్చినది దోమ కుట్టుట, జ్వరము వచ్చుట అనువఱకే. తెలిసికొని చెప్పెదమని మాట యిచ్చితిమి.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల నెత్తుటియందు ఈ క్రిమిని కనుగొనెను. 1897 ఆగస్టు 20వ తేదీని మన తెలుగునాట సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో దానిని చూచెను. కాని కణపు గోడ నది యెట్లు దాటునో తెలియుటకు మఱి నూఱేండ్లకు పైగా పట్టెను. ఆ రహస్యము క్రిమియందలి కొన్ని మాంసకృత్తుల రూపములో దాగియున్నది.

మేము పుట్టినది ఎమ్మిగనూరులో, మగ్గముల చప్పుడు నడుమ. అందుచే మాంసకృత్తును నూలుపోగుతో పోల్చి తరగతిలో చెప్పితిమి. అమైనో ఆమ్లములను పూసలు వరుసగా గ్రుచ్చిన పోగు అది. నూలు గుడ్డ యగుటకు మగ్గము కావలెను. ఈ పోగు మాత్రము తనంతట తాను ముడుచుకొని యొక నియతమైన రూపు దాల్చును. ఆ రూపునుబట్టియే దాని పని. అది మామూలు సూక్ష్మదర్శినికి కానరాదు. కనుక శాస్త్రజ్ఞులు దానిని స్ఫటికముగా పేరుకొనజేసి, ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి, అవి చెదరిన తీరునుబట్టి లెక్కగట్టి రూపమును నిర్ణయింతురు.

మా విద్యార్థిని బాధించిన వైవాక్స్ క్రిమియొక్క పైపొరపై నుండు ఏ.ఎమ్.ఏ.-1 అను మాంసకృత్తు రూపమును 2005లో పారిస్ నగరమందలి పాశ్చరు సంస్థవారు ఇట్లే నిర్ణయించిరి. దాని నడుమ, నీటితో పొసగని అమైనో ఆమ్లములతో కూడిన పొడవైన గాడి యొకటి కలదు. గాడి యున్నచో అందు ఇమడునది యేదో యుండవలెను గదా. అది మన రక్తకణమునకు చెందినదై యుండునని యెవరికైనను తోచును. అట్లు కాదు. అదియు క్రిమి తెచ్చినదే!

ఆదోని కోటకొండను చూచుచు పెరిగిన పిల్లలకు ఇది బోధపఱచుట సులభ మయ్యెను. కోటగోడ నెక్కు దొంగలు ఉడుము నడుమునకు త్రాడుకట్టి గోడపైకి విసరుదురనియు, అది గోడను కఱచుకొనినంతట త్రాడు పట్టుకొని ప్రాకుదురనియు పెద్దలు కథలు చెప్పుదురు. క్రిమియు నట్లే చేయును. మిల్లీమీటరును వేయి పాళ్లు చేసినచో అందు ఒకటి రెండు పాళ్ల పొడవుండు ఈ జీవి, రాన్-2 అను మాంసకృత్తును తన తోడివానితో కూడ రక్తకణపు పొరలోనికి చొప్పించును. అది ఉడుము. దాని ముక్క యొకటి ఉచ్చువలె వంగి వెలుపల నిలుచును. అది త్రాడు. ఏ.ఎమ్.ఏ.-1 గాడి ఆ ఉచ్చును బిగించి పట్టును. అది దొంగ చేయి. ఆ పట్టు ఉంగరమువలె క్రిమిచుట్టు ఏర్పడి ముందునుండి వెనుకకు జరుగుచుండగా, ఇంచుమించు అర నిమిషములో క్రిమి లోనికి జాఱును. ఈ పట్టుయొక్క రూపము 2011లో క్రిమికి దాయాదియగు టాక్సోప్లాస్మాయందును, 2012లో ఫాల్సిపారం అను మలేరియా జాతియందును తెలియవచ్చెను.

"అయితే ఆ గాడిలో పుల్ల దోపిన చాలును గదా, సార్!" అని వాడనెను. శాస్త్రజ్ఞులును అదియే తలంచిరి. 20 అమైనో ఆమ్లముల చిన్న ముక్క నొకదానిని గాడిలో ఇమిడించినపుడు, ప్రయోగశాలలోని ఫాల్సిపారం క్రిములలో ఒక తెగ రక్తకణములోనికి దూరలేకపోయెను. ఇతర తెగలపై నది పాఱలేదు. గాడి యంచులు తెగతెగకు మాఱుచుండుటయే కారణము. మాలి దేశములో 400 మంది పిల్లలకు ఏ.ఎమ్.ఏ.-1 టీకా వేసి చూచి 2011లో ఫలితములు ప్రకటించిరి. టీకాలోని తెగను పోలిన క్రిములనుండి కొంత రక్షణ కనబడెను గాని, మొత్తముమీద టీకా నిలువలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లోను 2023లోను సిఫారసు చేసిన రెండు టీకాలును ఫాల్సిపారం క్రిమి దోమనుండి వచ్చు తొలిరూపము నెదిరించునవి. వానిలో రెండవది మన దేశమున పూణే సంస్థ తయారుచేయునది. ఉడుముపట్టును విడిపించు టీకా యింకను చేతికి రాలేదు.

కావున మా విద్యార్థికి మాత్రలే దిక్కు. జ్వరము కొలది దినములకే విడిచెను. ఇంకను మాత్ర లెందుకని తల్లి యడిగెనట. వైవాక్స్ క్రిములలో కొన్ని కాలేయములో నిద్రించి, నెలల తరువాత మేలుకొనును. వానిని చంపుటకే 14 దినముల మాత్ర. "కొందఱు దొంగలు ఇంటిలోనే నిద్రపోవుచున్నారు, అమ్మా" అని వాడు చెప్పెనట. దినమున కొక గీత చొప్పున తలుపుపై సుద్దతో గీచుచు వచ్చెను. మేము వాని యింటికి పోయినపుడు లెక్కించితిమి; 14 గీతలును ఉండెను.

తలిదండ్రులారా, వలసనుండి వచ్చిన బిడ్డకు చలితో జ్వరము వచ్చినచో ఆలస్యము చేయక నెత్తురు పరీక్ష చేయింపుడు. వైద్యుడు చెప్పిన మాత్రలన్నియు ముగియువఱకు మ్రింగింపుడు. మా వంతుగా మేమును ఒక నియమము పెట్టుకొంటిమి. ఏ బిడ్డయైనను దినము విడిచి దినము బడికి రాకున్నచో, మూడవ గుర్తు వేయకమునుపే ఆ యింటికి పోవుచున్నాము.