లేని తిత్తికి రోగం

"తిత్తి తీసీసినారు గదరా తమ్ముడా, లేని తిత్తికి మళ్లీ రోగమేటి?"

2020 జూన్‌లో విశాఖపట్నం నుంచి ఆమదాలవలస తిరిగొస్తుంటే కారులో మా అప్ప అడిగిన మాట ఇది. నేను జవాబు చెప్పకుండా అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పాతికేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. అయినా ఆ ముందు పది నెలలూ నేను నమ్మింది కూడా ఆ మాటే: తిత్తి తీసేశారు, రోగం పోయింది. అది తప్పని చెప్పే కాగితం మా ఇంట్లోనే, రేషన్ కార్డూ ఆరోగ్యశ్రీ కార్డూ దాచుకునే ప్లాస్టిక్ కవరులో, 2019 సెప్టెంబరు నుంచీ ఉంది. దాన్ని తెచ్చి పెట్టింది నేనే.

మా అప్ప నాగావళి ఒడ్డున వంగ, బెండ పండించి బతికిన మనిషి. బావ పోయాక ఒక్కతే ఆ మడి చూసుకునేది. అన్నం తిన్న గంటకి కుడి డొక్కలో పట్టేసి, నొప్పి భుజం వెనక్కి పాకేది. రెండేళ్లు అది గేసే అనుకున్నాం. వాము నీళ్లు, సోడా, మెడికల్ షాపు బిళ్లలు. చివరికి స్కానింగు తీయిస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. 2019 ఆగస్టు చివరి వారంలో ఆపరేషన్ అయింది. పొట్ట కోయకుండా నాలుగు చిన్న గాట్లు పెట్టి, బొడ్డు దగ్గరి గాటులోంచి తిత్తిని బయటికి తీశారు. మూడో రోజు అప్ప ఇంటికొచ్చి గంజి తాగింది. తీసిన తిత్తిని మందునీళ్ల డబ్బాలో పెట్టి బయాప్సీకి పంపాలన్నారు, పంపాం. అంతవరకు ఎవరి తప్పూ లేదు. స్కానింగులో రాళ్లే కనబడ్డాయి తప్ప మరేదీ కనబడలేదు.

పది రోజులకి రిపోర్టు వచ్చిందని ఫోన్ చేస్తే శ్రీకాకుళం వెళ్లి తెచ్చాను. రెండు పేజీలు. మొదటి పేజీలో తిత్తి పొడవెంత, గోడ మందమెంత, లోపల రాళ్లెన్ని అని వరుసగా ఉంది. బస్టాండులో నిలబడి అంతవరకు చదివి మడిచేశాను. ఇంటికొచ్చాక ఆపరేషన్‌కి ముందు తీయించిన రక్త పరీక్షల కాగితాలు మళ్లీ తిరగేశాను, క్రియాటినిన్ ఎంతుందోనని. మా జిల్లాలో రోగమంటే ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మాకు చుట్టరికాలున్నాయి. అక్కడ క్రియాటినిన్ అంకె చిన్న గుంటలక్కూడా తెలుసు. అప్పకి 0.8 ఉంది. అది చూసి నిశ్చింతగా పడుకున్నాను. బయాప్సీ రిపోర్టు రెండో పేజీ తిప్పలేదు. కుట్లు విప్పించే పని అప్పటికే అయిపోయింది గనక, దాన్ని డాక్టరుకి చూపించడానికి మళ్లీ ఓపీలో గంటలకొద్దీ కూర్చోవాలా అనుకున్నాను. నేను చేసింది ఇదీ. మరిచిపోయాననడానికి లేదు, అక్కర్లేదనుకున్నాను.

ఆ రెండో పేజీలో కేన్సరని ఉంది. తిత్తి గోడలో కండర పొర దాటిందనీ ఉంది.

ఆ ఒక్క ముక్కలో ఎంత ఉందో తరవాత తెలుసుకున్నాను. పిత్తాశయం గోడ చాలా పలచన. పేగులకుండే పొరల్లో ఒకటి దానికి ఉండదు. కాలేయానికి అతుక్కున్న వైపు పైపొర కూడా ఉండదు. కేన్సర్ లోపలి పొరలోనే ఆగి ఉంటే తిత్తి తీసేయడంతోనే సరిపోతుంది. కండరాన్ని తాకితే సరిపోదు. మళ్లీ ఆపరేషన్ చేసి, తిత్తి ఆనుకుని ఉన్న చోట కాలేయాన్ని కొంత, పిత్తనాళం చుట్టూ ఉండే లింఫు గ్రంథుల్ని తీయాలి. ఆ రెండో ఆపరేషన్ మొదటిది అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య చేయించుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని అమెరికాలో కొన్ని పెద్ద ఆసుపత్రులు తమ రోగుల లెక్కలు చూసి 2017లో ప్రకటించాయి. ఆ తరవాత ఆరు నెలలు కేపసిటబిన్ మాత్రలు ఇస్తే మేలుంటుందని బ్రిటన్ వైద్యుల పరిశోధన 2019లోనే అచ్చయింది. అంటే మా అప్ప ఆపరేషన్ అయిన ఏడే.

ఆ ఏడాది దసరా అక్టోబరు 8న. అప్పకి అది సరిగ్గా ఆరో వారం. నాకు సెలవులు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. మా ఊళ్లో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉండొచ్చు. ఆ సెలవుల్లో నేను ఇంటికి సున్నం వేయించాను.

2020 జనవరి 16, కనుమ. భోజనాలయ్యాక అప్ప నన్ను పెరట్లోకి పిలిచింది. "బొడ్డు కాడ ఏదో గట్టిగ తగుల్తందిరా, సూడు." వేలు పెట్టి చూశాను. పాత గాటు కింద, చర్మం లోపల చింతపిక్కంత గడ్డ. కదల్లేదు. "కుట్టు ముడి అప్పా, అదే కరిగిపోతాది" అన్నాను. కుట్టు గురించి నాకేం తెలుసని ఆ మాట అన్నానో! ఆమె మాత్రం నమ్మింది. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే.

తరవాత అడిగినవాళ్లకి లాక్‌డౌన్ వచ్చిందని, రైళ్లు లేవని చెబుతూ వచ్చాను. రైళ్లు ఆగింది మార్చి 22న. కనుమ నుంచి అప్పటికి అరవై ఆరు రోజులు. ఆ అరవై ఆరు రోజులూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైళ్లు ఆగుతూనే ఉన్నాయి. మా వీధిలోకి వాటి కూత వినబడుతూనే ఉంది. ఇది రాయకపోతే నేను రాసిందంతా అబద్ధమవుతుంది.

జూన్ నాటికి గడ్డ నిమ్మకాయంత అయింది. అప్ప సగం అయింది. కారు మాట్లాడుకుని విశాఖ తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు గడ్డను పట్టి చూసి, పాత బయాప్సీ రిపోర్టు ఉందా అని అడిగారు. కవరులోంచి తీసిచ్చాను. మొదటి పేజీ మీద ఆయన కన్ను నిలవలేదు, వెంటనే తిప్పేశారు. రెండో పేజీ చదివి, తారీఖు చూసి, నా వైపు చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఆ గడ్డని కోసేస్తే పోదా అని అడిగాను. "అది పైకి కనబడేది, లోపల ఏముందో చూడాలి" అన్నారు. సీటీ తీశారు. తిత్తి ఉన్న చోట కాలేయంలో గడ్డ, నాళాల దగ్గర గ్రంథులు, కడుపు లోపలి పొర మీద గింజలు చల్లినట్టు మచ్చలు.

లేని తిత్తికి రోగమేటన్న అప్ప ప్రశ్నకి జవాబు అదే. తిత్తి పోయినా అది ఆనుకున్న కాలేయం ఉంది. కంటికి కనబడని కణాలు అప్పటికే అందులోకి దిగి ఉంటాయి. లింఫులో కొట్టుకుపోయి గ్రంథుల్లో ఆగుతాయి. తిత్తిలోని పసరు ఒక్క చుక్క చిందినా కడుపు పొర మీద మొలకెత్తగలవు. తిత్తిని లాగిన గాటులోనే ఒక కణం అంటుకుని, ఐదు నెలలకు చింతపిక్కంత గడ్డ కాగలదు. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే బయటపడతాయి. అందుకే ఆపరేషన్ అయ్యాక కూడా స్కానింగులంటూ తిప్పుతారు. తిప్పుతున్నది డబ్బు కోసమని మనం విసుక్కుంటాం.

రాళ్లున్నవాళ్లెవరూ దీన్ని చదివి హడలిపోకూడదు. రాళ్లున్న వాళ్లలో చాలామందికి కేన్సర్ ఎన్నటికీ రాదు. రాళ్లకని తీసిన తిత్తుల్లో ఇలా అనుకోకుండా కేన్సర్ బయటపడేది ప్రాంతాన్ని బట్టి వెయ్యింటికి రెండు నుంచి ముప్పై దాకా. గంగా మైదానం వైపు, అస్సాంలో, దూరాన చిలీ దేశంలో ఎక్కువ. మన దక్షిణాదిలో తక్కువ. మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఎక్కువ. ఆ వెయ్యింట్లో మనవాళ్లు ఉన్నారో లేరో చెప్పేది ఆ డబ్బాలోకి వెళ్లిన తిత్తి ఒక్కటే.

జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ సెలైన్లు మొదలయ్యాయి. మూడు వారాలకి రెండుసార్లు. ఈ రెండు మందులూ కలిపి ఇచ్చినవాళ్లలో సగం మంది పన్నెండు నెలల లోపే పోయారని 2010 నాటి బ్రిటన్ పరిశోధనలో ఉంది. చదివి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పకి ఇన్‌ఫెక్షనని చెప్పాను. డిసెంబరులో కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద పెట్టింది. పక్కింటివాళ్లు కామెర్లకి పసరు పోయించమన్నారు. కాదనలేకపోయాను. పది రోజులు పోయాయి. పిత్తనాళాన్ని గడ్డ నొక్కేస్తే వచ్చే కామెర్లు పసరుతో దిగవు, నాళంలో గొట్టం పెట్టాలి. అది పెట్టాక దురద తగ్గి, అప్ప రెండు నెలలు రాత్రిళ్లు నిద్రపోయింది. ఆ పది రాత్రులు కూడా నా లెక్కలోవే.

2021 మార్చిలో ఒక సాయంత్రం చెప్పాను. మంచం పక్కన పీట వేసుకుని, కవరులోంచి రెండు కాగితాలూ తీసి, ఇది ఫలానా రోజు తెచ్చాను, సగమే చదివాను అన్నాను. అప్పకి చదువు రాదు. కాగితం చేతిలోకి తీసుకుంది.

"నా పేరేదిరా?"

పైన వరుసలో చూపించాను. దాని మీద వేలు ఆనించి కాసేపు ఉంది.

"రెండోది సదువు."

ఒక్కో ముక్కా తెలుగు చేసి చదివాను. కండర పొర దాటిందన్న చోట ఆపింది.

"అంటే నాను మళ్లీ మడికెల్లిన నాటికే ఇది ఉంది."

"ఉంది అప్పా."

"కనుమ నాడు నీకు సూపించిన నాటికీ ఉంది."

"ఉంది."

ఆమె ఇంకేమీ అడగలేదు. కాగితాలు నా చేత మడిపించి, రేషన్ కార్డు పక్కనే పెట్టించింది. చీకటి పడుతోంది, లైటు వెయ్యమంది. ఉగాది వెళ్లిన వారానికి పోయింది. కవరు నా దగ్గరే ఉంది.