చింతపల్లి చేరని ప్రయాణం

భూమిపై సంచరించి అల్లాహ్ సృష్టిని పరికించమని దివ్య ఖుర్ఆన్ పదే పదే ప్రబోధిస్తుంది. ఏళ్ల తరబడి ఈ విషయాన్ని విద్యార్థులకు బోధిస్తూ వచ్చిన మేము, మా నక్కపల్లికి పడమటి దిక్కున కనిపించే కొండల్లోకి సైకిలుపై ఒక్కసారైనా వెళ్లలేదు. గత శీతాకాలపు సెలవులలో పెద్ద తరగతి విద్యార్థులు ఇద్దరు ఆ కోరిక వెలిబుచ్చగా, వారి తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఒక బుధవారం ఫజ్ర్ నమాజు తర్వాత ముగ్గురమూ బయలుదేరాము. గమ్యం చింతపల్లి. మూడూ గేర్లు లేని మామూలు సైకిళ్లే.

జాతీయ రహదారిపై అడ్డరోడ్డు వరకు సాగిన ప్రయాణమే అన్నింటికన్నా భయం గొలిపేది. లారీల గాలికి సైకిలు ఊగిపోతుంది. అడ్డరోడ్డు వద్ద ఎడమకు తిరిగి నర్సీపట్నం దారి పట్టగానే లోకం మారిపోయింది. చెరకు తోటలు, బెల్లం వండే పొయ్యిల పొగ, ఆ తీపి వాసన మమ్మల్ని కోటవురట్ల దాకా వెంబడించాయి. ఈ ప్రాంతానికి ప్రాణాధారం వరాహ నది. దాని ఒడ్డునే ఉంది ఏటికొప్పాక. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది అక్కడి కళాకారులు చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. నది, అడవి, మనిషి చేయి కలిస్తేనే ఆ బొమ్మ తయారవుతుందని పిల్లలకు చెప్పాము.

మరొక పాఠం కూడా దారిలోనే వచ్చింది. హనఫీ ధర్మవేత్తల లెక్క ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరం వెళ్లే సంకల్పంతో ఊరు దాటిన వ్యక్తి ముసాఫిర్ అవుతాడు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులను రెండుగా చేసుకుంటాడు. చింతపల్లి అంతకు మించిన దూరమే కనుక మేము ముసాఫిర్లమే. అయితే నర్సీపట్నం మసీదులో స్థానిక ఇమామ్ వెనుక నిలబడ్డాము కాబట్టి అక్కడ నాలుగు రకాతులూ పూర్తి చేశాము. రాత్రి ఆ ఊరిలోనే విశ్రమించాము.

గురువారం ఉదయం డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలయింది. ఎగువన లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి చలిని చూడటానికి తెల్లవారుజామునే కార్లలో వెళ్లిన జనం అప్పటికే కిందికి దిగుతున్నారు. వెదురు పొదలు, చింతచెట్లు, చెట్లను అల్లుకున్న అడ్డాకుల తీగలు, కొండచీపుర్ల మోపులతో దిగివస్తున్న గిరిజన స్త్రీలు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసినది ఈ కొండలలోనే. యాభై దాటిన వయసులో ఈ ఎత్తు తొక్కగలుగుతున్నామన్న ఉత్సాహంతో మేము ముందు సాగిపోయాము. నిజం చెప్పాలంటే అది ఉత్సాహం మాత్రమే కాదు, కొంత గర్వం కూడా.

ఒక వాగు దగ్గర ఆగి, చల్లని నీటితో వుజూ చేసుకుని, జుహర్ రెండు రకాతులు చదివాము. సలాం చెప్పి వెనుదిరిగితే చిన్నవాడు లేవలేకపోతున్నాడు. పెదవులు ఎండిపోయాయి, చేతులు వణుకుతున్నాయి. అడిగితే తల వంచుకున్నాడు. పక్కవాడు చెప్పాడు: "హజ్రత్, వీడు ఈ రోజు రోజా ఉన్నాడు."

ఉదయం మేము ఇడ్లీ తింటున్నప్పుడు, గొలుసుకు నూనె వేస్తానంటూ వాడు బయటే ఉండిపోయిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. సోమ, గురువారాల నఫిల్ ఉపవాసాల ఘనతను తరగతిలో వర్ణించినది మేమే. ప్రయాణికునికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును అంత వివరంగా చెప్పామా? లేదు. ఉపవాసంతో ప్రయాణిస్తూ సొమ్మసిల్లిన ఒక వ్యక్తి చుట్టూ జనం నీడ పట్టగా చూసి, ప్రయాణంలో అలాంటి ఉపవాసం పుణ్యకార్యం కాదని దైవప్రవక్త (స) స్పష్టం చేసిన సంఘటన హదీసు గ్రంథాలలో ఉంది. అది మాకు తెలుసు. కానీ మా వెనుక వస్తున్న పిల్లవాడి ముఖం మేము ఉదయం నుంచి సరిగా చూడనేలేదు.

చీపుర్ల మోపు దించుకుని సేద తీరుతున్న ఒక వృద్ధురాలు దగ్గరకు వచ్చింది. "కడుపులో ఏటీ లేకుండా కొండెక్కితే కళ్లు తిరగవేటి బాబూ?" అంటూ తన సొరకాయ బుర్రలోని చోడి అంబలిని దొన్నెలో పోసి ఇచ్చింది. వాడు మా వైపు చూశాడు. "తాగు బేటా. ఈ రోజాను మరో రోజు తీర్చుకోవచ్చు. ప్రాణం అల్లాహ్ అమానతు" అన్నాము. బిస్మిల్లాహ్ అని తాగాడు. తన మధ్యాహ్నపు కూటిలో సగం ఇచ్చిన ఆ తల్లి డబ్బు ముట్టలేదు. మా సంచిలోని ఖర్జూరాలు మాత్రం మనవల కోసమని కొంగున కట్టుకుంది.

అరగంటలో వాడు తేరుకున్నాడు. "పైకి పోదాం హజ్రత్, నా వల్ల ఆగవద్దు" అన్నాడు. పై మలుపు తర్వాత ఏముందో చూడాలని మాకూ ఉంది. కానీ ఆ పిల్లవాడిని అతని తల్లి మా చేతికి అప్పగించింది. వెనుదిరగాలని నిర్ణయించాము. కొండ దిగేటప్పుడు బ్రేకులపై భారం వేయక, నిటారు మలుపుల వద్ద సైకిళ్లను నడిపించుకుంటూ దిగాము. ఈసారి మేము అందరికన్నా వెనుక ఉన్నాము. దైవప్రవక్త (స) ప్రయాణాలలో బృందానికి వెనుకగా సాగుతూ, బలహీనులను ముందుకు నడిపించేవారని, అవసరమైన వారిని తమ వాహనంపై ఎక్కించుకునేవారని, వారి కోసం ప్రార్థించేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసును ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు.

డౌనూరుకు దిగువన అసర్ వేళ అయింది. రెండు రకాతులకు సిద్ధమవుతున్న పెద్దవాడితో, నాలుగు చదవాలని చెప్పాము. నిర్ణీత దూరం పూర్తి కాకముందే ఇంటికి మరలే సంకల్పం చేసుకున్నవాడు ఆ క్షణం నుంచి ముసాఫిర్ కాడు. జుహర్ రెండు, అసర్ నాలుగు. మేము ఎక్కడ వెనుదిరిగామో మా నమాజే చెబుతోంది.

పిల్లలను ఇలాంటి ప్రయాణాలకు తీసుకువెళ్లదలచిన పెద్దలకు మా మనవి: పంక్చరు సామాను, చేతిపంపు, తాగునీరు, బెల్లం తప్పక ఉంచుకోండి. బయలుదేరే ముందు ప్రతి బ్రేకునూ పరీక్షించండి. ప్రతి పిల్లవాడూ తిన్నాడో లేదో కళ్లతో చూడండి. దారిలో అందరికన్నా వెనుక మీరు ఉండండి.

వచ్చే శీతాకాలంలో, ఇన్షా అల్లాహ్, మళ్లీ బయలుదేరాలని ముగ్గురమూ అనుకున్నాము. మా బాధ్యతలోని బలహీనులను గమనించే చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.