పెళ్లి క్యాసెట్టుకో పెట్టె కావాలి!

బీరువా పైఅరలో పెళ్లి క్యాసెట్టు ఉంటుంది. దాన్ని ఆడించే పెట్టె ఉండదు. పెట్టె దొరికితే రిమోట్‌ ఉండదు. కడప జిల్లాలో చాలా ఇళ్లలో ఇదే వరస. టేపూ డిస్కూ రెండూ ఆడే 'కాంబో' ప్లేయర్‌ కోసం వెతికేవాళ్లు ఏం చూసి కొనాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఈ మూడు ఊళ్లూ తలా ఒక పాఠం చెబుతాయి.

గీటురాయి మీద గీసినట్టు

పెన్నా ఒడ్డున ప్రొద్దుటూరు. బంగారం, బట్టల వ్యాపారంతో 'రెండో బొంబాయి' అనిపించుకున్న ఊరు. దసరా వస్తే అమ్మవారిశాల వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. ఇక్కడి అంగళ్లలో గీటురాయి మీద గీసి చూడకుండా ఎవరూ నగ కొనరు. పాత ప్లేయర్‌నూ అలాగే కొనాలి.

వీహెచ్‌ఎస్‌ క్యాసెట్టు 1976లో జపాన్‌లో పుట్టింది. 1980ల్లో మన ఊళ్లలో టీవీ, వీసీపీ ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, వీధి వీధంతా కూర్చుని తెల్లవార్లూ సినిమాలు చూసేది. 1996లో డీవీడీ వచ్చింది. రెండింటినీ ఒకే పెట్టెలో కలిపిన కాంబోలు ఆ తర్వాత వచ్చాయి. గల్ఫ్‌ నుంచి సెలవుకు వచ్చేవాళ్ల సామానులో ఇలాంటి పెట్టెలకు ఎప్పుడూ చోటుండేది. అయితే వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్‌ కంపెనీ ఫునై కూడా 2016 జులైలో చేతులెత్తేసింది. కాబట్టి ఇప్పుడు దొరికేదంతా పాత సరుకే.

అందుకే అంగడిలోనే ఆడించి చూడాలి. ముందు పనికిరాని టేపు ఒకటి పెట్టి ముందుకూ వెనక్కూ తిప్పాలి. కీచుమన్నా, మధ్యలో ఆగినా లోపలి రబ్బరు బెల్టు గట్టిపడిందని అనుమానించాలి. నలభై డిగ్రీలు దాటే కడప ఎండలకు రబ్బరు ఎన్నాళ్లని ఆగుతుంది!

గండికోట దారిలో పాత పెళ్లి

ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు చేరితే నారాపుర స్వామి గుడి, ఇంకాస్త ముందుకెళ్తే రాతిని చీల్చుకుని పారే పెన్నా, ఆ లోయ అంచున గండికోట. రాయి వందల ఏళ్లు నిలుస్తుంది. టేపు అలా నిలవదు. ప్లాస్టిక్‌ పట్టీ మీద పూసిన అయస్కాంతపు పొడే దానికి ప్రాణం. తేమ తగిలితే తెల్లగా బూజు పడుతుంది. ఆ బూజు టేపును అలాగే పెట్టెలో పెడితే హెడ్‌ పాడవుతుంది, దాని వెనక పెట్టిన టేపులకూ అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించాలి.

మరో సంగతి. కాంబోల్లో రెండు రకాలున్నాయి. ఒక రకం రెండింటినీ ఆడిస్తుందంతే. రెండోది టేపులో ఉన్నదాన్ని డిస్కులోకి ఎక్కిస్తుంది కూడా. ఇంటి క్యాసెట్లు కాపాడుకోవాలంటే రెండోదే మేలు. మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, ఓపిక కావాలి. డిస్కూ శాశ్వతం కాదు, హార్డ్‌డిస్కులో ఇంకో కాపీ ఉంచుకోవాలి. కొత్త టీవీల్లో చాలావాటికి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు పెట్టే చోటే ఉండదు. అదీ ముందే చూసుకోవాలి.

జేజి చేతిలో ఒకే రిమోట్‌

ముద్దనూరు మీదుగా చీనీ, అరటి తోటల పులివెందుల. ఇలాంటి ఊళ్లో మధ్యాహ్నం ఇంట్లో మిగిలేది జేజి. టీవీకొకటి, డిష్‌కొకటి, ప్లేయర్‌కొకటి... ముందు మూడు రిమోట్లు.

''నాయనా, దేన్ని నొక్కాల?''

''నల్లదాన్ని నొక్కు జేజీ!''

''అన్నీ నల్లగానే ఉండాయి గదరా!''

దీనికి మందు యూనివర్సల్‌ రిమోట్‌. రిమోట్‌ నుంచి వెలువడేది కంటికి కనిపించని పరారుణ కాంతి. అది సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుతూ సంకేతాన్ని మోస్తుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో కోడ్‌. అవన్నీ ఒకే రిమోట్‌లో ఉంచడమే కిటుకు.

కాంబోల దగ్గరే చిక్కు. కొన్నింట్లో టేపు నుంచి డిస్కుకు, డిస్కు నుంచి టేపుకు మారడానికి ఒకటే మీట. పెట్టె ఇప్పుడు ఏ వైపు ఉందో రిమోట్‌కు తెలీదు. 'సినిమా' అని నొక్కితే టేపు తిరగొచ్చు. టేపుకు వేరే మీట, డిస్కుకు వేరే మీట ఉన్న పెట్టె అయితే ఈ తికమక ఉండదు. అందుకే కొనేముందు పెట్టెతో వచ్చిన అసలు రిమోట్‌ అడిగి మరీ తీసుకోవాలి. 'నేర్చుకునే' రకం యూనివర్సల్‌ రిమోట్‌కు దాని నుంచే పాఠాలు నేర్పాలి. అసలు రిమోట్‌ పనిచేస్తోందా? సెల్‌ఫోన్‌ కెమెరా ముందు పెట్టి మీట నొక్కితే చాలు, చాలా ఫోన్లలో తెరమీద చుక్కలా వెలుగు కనిపిస్తుంది.

ఇంత తంటా దేనికంటే... టేపు తిరిగితే ముప్ఫై ఏళ్ల కిందటి పందిరి మళ్లీ వేసినట్టే. తలంబ్రాలు పోస్తూ నవ్వే పెళ్లికూతురు, వంటల దగ్గర కేకలేస్తున్న పెద్దాయన. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల గొంతు వినిపించేది ఆ నల్ల పట్టీలోనే. అది బూజు పట్టకముందే పెట్టె వెతకాలి. ఆ పెట్టెను ఆడించే మీట జేజి వేలికి అందేలా ఉండాలి.