ఉప్పుమళ్ళూ వారసత్వమే

శ్రీకాకుళం జిల్లా నౌపడ జంక్షన్‌లో రైలు దిగి సముద్రం వైపు నడిచాను. ఊరు దాటగానే చూపు ఆనినంత మేర ఉప్పుమళ్ళే. మడికీ మడికీ మధ్య సన్నని మట్టిగట్లు, వాటి పక్కన తెల్లటి రాశులు.

గట్టు సరిచేస్తున్న పెద్దాయన్ని మడి ఎలా పండుతుంది తాతా అని అడిగాను. "నీరు ఎటెల్తాదో అటు ఎల్లనియ్యాలి బాబూ. మజ్జిన ఏటి కట్టీసినా మడి పోయినట్టే" అన్నాడు.

ఉప్పునీటిని మడి తర్వాత మడికి మళ్ళిస్తారు. ఎండకూ గాలికీ చిక్కబడి చివరి మడిలో ఉప్పు గింజ కడుతుంది. వానలొస్తే పని ఆగిపోతుంది. చదును నేల, అడ్డులేని గాలి, పూడని కాలువ ఉంటేనే ఈ పంట. పక్కనే ఉన్న తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులూ కొంగలూ మేతకు దిగేది ఈ చిత్తడి నేలల్లోనే.

నౌపడకు రైలు చరిత్ర కూడా ఉంది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించిన రెండున్నర అడుగుల చిన్న రైలుమార్గం 1900లో ఇక్కడి నుంచే మొదలైంది. తర్వాత గుణుపురం దాకా సాగింది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, నౌపడ ఇటు ఉండిపోయింది. 2004లో చిన్న రైలు ఆగిపోయి, ఆ దారిలో బ్రాడ్‌గేజ్ వచ్చింది.

జిల్లాలోని ముఖలింగం ఆలయాలు, శాలిహుండం బౌద్ధ శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010 చట్టసవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. పని చేస్తూ బతుకుతున్న ఉప్పుమడికి ఆ రక్షణ లేదు. అయినా దారి ఉంది. ముంబయి 1995లోనే వారసత్వ భవనాలను, వాటి పరిసరాలతో సహా, నగర నిర్మాణ నియమాల్లో చేర్చింది. 2016 నాటి కేంద్ర నమూనా భవన నిబంధనలు ప్రకృతి సిద్ధమైన ప్రదేశాలనూ వారసత్వంగా గుర్తించాయి.

ఇదే మండలంలోని మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వెంట గోదాములూ లారీ యార్డులూ లేఅవుట్లూ వస్తాయి. పొట్టకూటికి దూరదేశాలు పోతున్న ఈ ప్రాంతపు కుర్రాళ్ళకు ఆ పనులు కావాలి. అవి ఎక్కడ రావాలో ముందే తేల్చుకోవాలి. మళ్ళనూ కాలువలనూ చిన్న రైలు ఆనవాళ్ళనూ సర్వే చేసి పటంలో గుర్తించాలి. కాలువలకు అడ్డంగా ఏ లేఅవుటుకూ అనుమతి ఇవ్వకూడదు. మళ్ళ అంచున కట్టడాల ఎత్తుకు పరిమితి పెట్టాలి. ఈ నియమాలు రాసే కమిటీలో ఉప్పు పండించేవాళ్ళకు చోటుండాలి. నీరు ఎటు పోతుందో అందరికంటే బాగా తెలిసినవాళ్ళు వాళ్ళే. గోదాములు లేచాక రాసే నియమం ఏ మడినీ తిరిగి తేలేదు. పంచాయతీ, జిల్లా యంత్రాంగం ఆ పటాన్ని ఇప్పుడే గీయాలి.