సున్నం, మల్లెలు, అలసంద వడలు: నంద్యాల నుంచి ఈస్టర్ ఉత్తరాలు

నంద్యాల,
ఈస్టర్ ముందు శనివారం

చెల్లీ,

ఈస్టర్‌కి ఇల్లు, బల్ల ఎలా సర్దుతారో ఇక్కడ చూసి రాయమన్నావు. నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ కుందేళ్ల ఫొటో కూడా చేరింది. వాటి సంగతి తర్వాత. ఈ పూట ఇక్కడి క్రైస్తవ కుటుంబాలు బల్ల జోలికే పోలేదు. అందరూ సమాధుల తోటలో ఉన్నారు.

ఎండ మాడ్చేస్తోంది కాబట్టి నాలుగు దాటాకే పని మొదలైంది. ముందు కంప నరికి, పల్లేరు పీకారు. తర్వాత బక్కెట్లో సున్నం కలిపి, చిటికెడు నీలిమందు వేశారు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకున్న ఒకావిడ అత్తగారి సమాధికి తలవైపు నుంచి సున్నం కొట్టుకుంటూ వస్తోంది. ఆమె కొడుకు నల్ల ఎనామిల్ డబ్బా పట్టుకుని పేరు అక్షరాలు దిద్దుతున్నాడు. ఒక దీర్ఘం కిందికి కారింది. "తుడ్చు రా! పేరు తప్పు రాస్తే మీ అవ్వ ఊరకుంటాదా?" అని ఆవిడ కసిరింది. పక్క సమాధి దగ్గరివాళ్లు కూడా నవ్వారు. కొవ్వొత్తుల పెట్టెల్ని తడి గోనెపట్టా కింద దాచారు. దాచకపోతే ఈ వేడికి వెలిగించకముందే వంగిపోతాయట.

పనయ్యాక ఒక్కో సమాధి మీద బంతిపూల దండ, కొన్నిటిమీద మల్లెలతో పేర్చిన సిలువ. పిల్లలకు ఇది సంతాపంలా లేదు. మరచెంబులు, మరమరాల పొట్లాలు తెచ్చుకుని తోటంతా తిరుగుతున్నారు.

ఇళ్ల సంగతికొస్తే, ఇక్కడ నేలంతా బేతంచెర్ల నాపరాయి. కడిగితే అదే పెద్ద అలంకారం. గోడమీద క్యాలెండర్ పక్కన, పోయిన ఆదివారం గుడిలో ఇచ్చిన ఈతాకు సిలువ గుచ్చి ఉంటుంది. మట్టల ఆదివారం నాటి ఆ ఆకు ఏడాదంతా అక్కడే ఎండుతుంది. కొన్ని సంఘాల్లో మరుసటి ఏడు భస్మ బుధవారానికి ఆ పాత ఆకుల్నే కాల్చి బూడిద చేస్తారు. నలభై రోజుల శ్రమకాలంలో గుమ్మానికి పూలు కూడా కట్టని ఇళ్లున్నాయి. అందుకే ఈ రాత్రి మల్లెల బేరం జోరుగా ఉంది.

నంద్యాల,
ఈస్టర్ ఆదివారం

చెల్లీ,

నాలుగింటికే వీధిలో పాటలు. కొవ్వొత్తులు పట్టుకుని అందరూ మళ్లీ సమాధుల తోటకే నడిచారు. "క్రీస్తు లేచెను" అని ఒకరంటే "నిజముగా లేచెను" అని మిగతావాళ్లు అందుకున్నారు. చీకట్లో సున్నం కొట్టిన వరసలు మాత్రం స్పష్టంగా కనబడ్డాయి.

ఇదేదో మన ఆంధ్రుల వింత అనుకోకు. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్ అనే ఊళ్లో మొరేవియన్ సంఘం యువకులు ఈస్టర్ నాడు తెల్లవారకముందే ఊరి శ్మశానానికి వెళ్లి పాటలు పాడారు. ఇప్పుడు లోకమంతా చేసే సూర్యోదయ ఆరాధనల చరిత్ర అక్కడి నుంచే చెబుతారు. సువార్తల్లోనూ ఆ ఉదయం స్త్రీలు వెళ్లింది సమాధి దగ్గరికే కదా.

హోలీ క్రాస్ కథీడ్రల్ ఉన్న ఊరిది. 1701లో లండన్‌లో పుట్టిన ఎస్.పి.జి. మిషన్ పేరు ఇక్కడ బడి మీద ఇప్పటికీ నిలిచి ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది అందులో వెంటనే చేరలేదు. అంత పట్టుదల గల సంఘం. పండుగ అలంకరణలో మాత్రం ఇంగ్లండు కన్నా రాయలసీమే ఎక్కువ కనబడుతుంది. ద్వారానికి అరటి బోదెలు, కొబ్బరి మట్టలు, బలిపీఠం మీద తెల్ల గుడ్డ, ఇత్తడి కూజాల్లో మన బజారు లిల్లీలు. ఇంకో చిన్న గుడిలో పిల్లలు గోనెసంచులు, అట్టముక్కలతో ఖాళీ సమాధి కట్టారు. దొర్లించిన రాయి థర్మోకోల్‌ది. ఫ్యాను గాలికి అది రెండుసార్లు దానంతట అదే దొర్లింది.

ఇంటికొచ్చాక ఉగ్గాని, బజ్జీ. అసలు విందు మధ్యాహ్నం. అలసంద వడలు, నాటుకోడి పులుసు, మటన్, మామిడికాయ పప్పు, పాయసం. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఈస్టర్ నాటికి ఇక్కడ దొరికేది ఎక్కువగా పచ్చికాయే. దాని పులుపే విందుకు నప్పింది. బల్ల ఉన్నవాళ్లు దానిమీద తెల్ల దుప్పటి పరిచి, స్టీలు గిన్నెలో నీళ్లుపోసి మల్లెలు తేలేశారు. బల్ల లేనివాళ్లు చాపలేసి విస్తళ్లు పరిచారు. రెండోదే అందంగా ఉంది.

ఇక నీ కుందేళ్లు. ఈస్టర్‌కి గుడ్లు తెచ్చే కుందేలు మాట 1682లో ఒక జర్మన్ వైద్యుడి రచనలో కనిపిస్తుంది. గుడ్ల కథ అంతకన్నా పాతది. మధ్యయుగాల ఐరోపాలో ఉపవాస దినాల్లో గుడ్లు తినకూడదు. కోళ్లు పెట్టడం మానవు కదా! పోగైనవాటిని పండుగకి రంగులేసి పంచేవాళ్లు. నంద్యాలలో గుడ్డుకి రంగు వేయడానికి కారణమే లేదు. ఇక్కడ ఉడికించి పులుసులో వేస్తారు.

ఆళ్లగడ్డ,
ఈస్టర్ మరునాటి సోమవారం

చెల్లీ,

చిత్తూరు వెళ్లే రోడ్డు మీద సిరివెళ్ల దాటితే ఆళ్లగడ్డ. ఎక్కువమంది అహోబిలం వెళ్తూ ఇక్కడ బస్సు మారతారు. రోడ్డువారన శిల్పుల కొట్టాలు. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. నరసింహస్వాములు, ఆంజనేయులు, నాయకుల బొమ్మల మధ్య ఒక కొట్టంలో సమాధి పలక ఆరబెట్టి ఉంది. సిలువ చెక్కడం అయిపోయింది, పేరు చెక్కాలి. పండుగకి అందాల్సింది. రాతి పొడిలో మునిగిన శిల్పి మాత్రం "వాళ్లేం తొందరపడరులే" అన్నాడు.

చాగలమర్రి వైపు ముత్యాలపాడు ఉంది. 1850లలో ఎస్.పి.జి. మిషనరీ జాన్ క్లే మకాం వేసిన ఊరది. ఈ చుట్టుపట్ల సంఘాల్లో చేరినవాళ్లు చాలావరకు మాలపల్లెల జనం. ఊరి పంక్తిలో చోటులేని మనుషులు. అందుకే ఇక్కడ సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుని వట్టి భోజనం అనలేం. రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం గుడికని కుండలో వేయడం తెలుగు సంఘాల పాత అలవాటు. ఆ బియ్యమే పండుగనాడు గుండిగల్లో ఉడుకుతుంది. మగవాళ్లు కట్టెల పొయ్యి దగ్గర, అమ్మాయిలు విస్తళ్ల దగ్గర. పాస్టరమ్మ స్వయంగా వడ్డిస్తుంది. అయ్యగారు చివరి పంక్తిలో కూర్చుంటారు. అలంకారమంటావా, పందిరికి రంగు కాగితాలు, అంతే. పట్నంలో పత్రికలు చూపించే న్యాప్‌కిన్ మడతలూ, కొవ్వొత్తుల స్టాండ్లూ ఈ పంక్తి ముందు వెలవెలబోతాయి.

ఈ ఉత్తరం అందేసరికి పండుగ అయిపోయిందని బెంగపడకు. సంఘ క్యాలెండర్లో ఈస్టర్ కాలం పెంతెకొస్తు దాకా, 50 రోజులు. కుందేళ్లు పిల్లలకిచ్చెయ్. బల్లమీద ఒక గిన్నెడు మల్లెలు చాలు. ఒక ఆదివారం చూసి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబాన్నీ, పనిచేసే ఆమెనీ భోజనానికి పిలువు, వాళ్లతో పాటే కూర్చో. అలసందలు మాత్రం ముందురోజు రాత్రే నానబెట్టు.