రెండు దినాల్లో తగ్గించే ట్యూబు

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర అయిపోయిన మరుసటి వారమంతా మొక్కు వేషాలు వేసిన కుర్రాళ్లు నా మందుల షాపుకు వరసగా వచ్చేవాళ్లు. మే నెల ఎండలో ఒకరోజు బైరాగి వేషమని ఒళ్లంతా నామంకొమ్ము పూత, ఇంకోరోజు బండ వేషమని కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. పూత కింద చెమట, జిడ్డు, మూసుకుపోయిన చర్మ రంధ్రాలు. జాతర ముగిసేసరికి కొందరికి ముక్కు కొన మీద, ముక్కు పక్కల ఎర్రగా మొటిమలు లేచేవి. “అన్నా, దీనికేమన్నా ఇయ్యి, రెండు దినాల్లో పోవాల” అని అడిగేవాళ్లు. రెండు దినాల్లో తగ్గించే ట్యూబు నా దగ్గర ఉండేది. ఇచ్చేవాణ్ణి. వాళ్లే కాదు, కాలేజీ పిల్లలు, కొత్తగా పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, గడ్డం గీసుకుంటే మంటగా ఉందన్న పెద్దవాళ్లు, ఎవరడిగినా అదే ట్యూబు.

అందులో ఏముందో తెలియక ఇచ్చానని చెప్పుకోలేను. నేను ఫార్మసీ చదివాను. బలమైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, తామరకు వాడే మందు, ఈ మూడింటినీ కలిపిన పూత అది. మొటిమ ఎర్రబడి వాచేది ఒళ్లు దానితో పోరాడుతున్నందువల్ల. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది, సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందుకే మర్నాటికి ఎరుపు తగ్గుతుంది, ముఖం తేటగా, కాస్త తెల్లగా కూడా కనిపిస్తుంది. మొటిమకు మూలమైన జిడ్డు, మూసుకుపోయిన రంధ్రం, అందులో పెరిగే బ్యాక్టీరియా ఎక్కడివక్కడే ఉంటాయి. మందు ఆపగానే ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా విప్పారుతాయి, అణిగి ఉన్న మొటిమలు ఒకే పరిమాణంలో గుంపుగా లేస్తాయి. చూసినవాడికి “మందు ఆపినందుకే వచ్చింది” అనిపిస్తుంది. మళ్లీ ట్యూబు కొంటాడు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లను చూసి, నా మందు బాగా పనిచేస్తోందని సంతోషించాను. దాని మీద మిగిలే లాభం కూడా మంచిదే. ఆ మాట దాచితే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

ఇదంతా నా ఒక్కడి కౌంటరు మీద జరిగింది కాదు. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో చేసిన పరిశీలన ఒకటి 2011లో అచ్చయింది. ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్టు తేలింది. వాళ్లలో దాదాపు పావువంతు మంది మొటిమల కోసం పూశారు. వాడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా చర్మం దెబ్బతింది, ఆ దెబ్బల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది మొటిమలే. మొటిమ తగ్గాలని పూసిన మందు మొటిమలనే తెచ్చింది. సగానికి పైగా జనం ఆ మందును ఏ డాక్టరూ చెప్పకుండానే వాడారు. డాక్టరు చెప్పకపోతే ఎవరు చెప్పి ఉంటారో నాకు తెలుసు. స్నేహితులు, చుట్టాలు, నాలాంటి షాపువాళ్లు.

చర్మవైద్యుల సంఘం ఏళ్లపాటు పోరాడాక, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీదే ఆ మాట అచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత కూడా నేను ఆపలేదు. చీటీ అడిగితే పక్క షాపుకు పోతారన్న భయం ఒకటి. ఇంతకాలం ఎవరికీ ఏమీ కాలేదన్న నమ్మకం ఇంకొకటి. ఏమైనా అయినవాళ్లు తిరిగొచ్చి నాకు చెప్తారని ఎలా అనుకున్నానో! పుత్తూరు నుంచో సత్యవేడు నుంచో వచ్చినవాళ్లు ట్యూబు తీసుకుని బస్సెక్కి పోయేవాళ్లు. ఆ తర్వాత వాళ్ల ముఖాలు నాకు కనిపించలేదు.

కనిపించిన ముఖం నా చెల్లెలి కూతురిది.

మా చెల్లెలి ఊరు బంగారుపాళ్యం దగ్గర. వాళ్లకు మామిడితోట ఉంది. ఫాల్గుణంలో పిల్లకు సంబంధం ఖాయమైంది, శ్రావణంలో పెళ్లి. ముక్కు కొన మీద రెండు మూడు మొటిమలు, ముక్కు పక్క మడతల్లో ఇంకొన్ని. మా అమ్మ ఎర్రచందనం చెక్కను పాలలో అరగదీసి పూయమంది. శేషాచలం పక్కన పుట్టినవాళ్లకు ఆ చెక్క తెలియని ఇల్లుండదు. “ఆ పాతకాలపు పూతలు ఇప్పుడెందుకమ్మా, నేను మందు పంపిస్తాలే” అన్నాను. చందనపు గంధం మొటిమను పోగొడుతుందని ఇప్పటికీ అనను. కానీ అది చల్లగా ఉండేది, పిల్ల ముఖం పలచబారేది కాదు. నేను చిత్తూరు బస్సులో ట్యూబు పంపించాను.

తగ్గింది. “మామా, నువ్వు పంపిన మందు ఎంత బాగుండాదో!” అని ఫోన్ చేసింది. ముక్కుకు పూసుకున్నది కాస్తా బుగ్గలకు, నుదుటికి కూడా పూసుకోవడం మొదలుపెట్టింది. నిగనిగలాడుతోందని అందరూ అన్నారట. నేను అడగలేదు, వద్దనలేదు. ట్యూబులు అయిపోయినప్పుడల్లా పంపిస్తూ పోయాను. తోటలో కోతలు మొదలయ్యాక పనుల హడావిడిలో కొన్నాళ్లు మందు అందలేదు. ముఖమంతా ఎర్రబడి, ముక్కు మీద సూదులు గుచ్చినట్టు మంటలు, పొయ్యి దగ్గర నిలబడలేనంత కాక. మా చెల్లెలు మామిడిపండ్లు తిన్న వేడి అనుకుంది. మా వైపు తోతాపురి కాలంలో ఏ కురుపు లేచినా ఆ నింద పండు మీదికే పోతుంది. కాయ కోసినప్పుడు కారే సొన తగిలి మూతి చుట్టూ కాలడం నిజమే, అది వేరే సంగతి. తీపి, మైదా వంటి చక్కెరను గబగబా పెంచే తిండి కొందరిలో మొటిమలను ఎక్కువ చేస్తుందని పరిశోధనలు చెప్తున్నాయి. కానీ ఆ పిల్ల ముఖం కాలింది పండు వల్ల కాదు. నేను చేసిన పనుల్లో ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వనిది దాని తర్వాత చేసింది. మంట అని వినగానే, పాత మందు బలం చాలలేదనుకుని, ఇంకా బలమైన స్టెరాయిడ్ ఉన్న ట్యూబు పంపించాను.

పెళ్లి నెల దగ్గరపడ్డాక పిల్లను నేనే రుయా ఆసుపత్రికి, చర్మవ్యాధుల ఓపీకి తీసుకుపోయాను. డాక్టరమ్మ ముఖాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. ముక్కు రెక్కల మీద సన్నని ఎర్రటి గీతలు, పై పెదవి మీద కొత్తగా నూగు, బుగ్గల మీద తెల్లబడిన మచ్చలు. “ఏం పూశావమ్మా?” అంది. పిల్ల నా వైపు చూసి తల దించుకుంది. చెప్పలేదు. నేనే చెప్పాను, మందు పేరు, ఎన్నాళ్లు, ఎవరిచ్చారు, అన్నీ. ఆమె కోప్పడలేదు. ఈ రకం ముఖాలు తమ ఓపీకి తరచూ వస్తాయని, దీనికి మన దేశపు వైద్యులే స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని పేరు పెట్టాల్సి వచ్చిందని చెప్పింది. మందును ఒక్కసారిగా ఆపకుండా, బలం తక్కువ పూతకు మార్చి మెల్లగా మాన్పించింది. కొన్ని వారాలు మాత్రలు, ఎండకు సన్‌స్క్రీన్, సువాసన లేని మాయిశ్చరైజర్, ఇంకేమీ వద్దంది. పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. ఫోటోల్లో పిల్ల ముఖం ఎర్రగానే ఉంది. నెలలు గడిచాక మంట పోయింది, మొటిమలు పోయాయి. ముక్కు రెక్కల మీద ఆ గీతలు మాత్రం మిగిలాయి.

ఆ తర్వాత నేను కౌంటరు వెనక కొత్తగా చదువుకోవడం మొదలుపెట్టాను. ముక్కు ముఖంలో జిడ్డు గ్రంథులు బాగా ఒత్తుగా ఉండే చోటు. పదిహేనేళ్ల పిల్లవాడు అద్దంలో చూసుకుని బాధపడే నల్లచుక్కల్లో చాలావాటికి అసలు మందే అక్కర్లేదు. ఆ రంధ్రాల్లో జిడ్డు నిండి ఉండడం సహజం, గిల్లి తీసినా, అంటించే పట్టీలతో లాగినా కొన్ని వారాల్లో మళ్లీ నిండుతుంది. నిజమైన బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మురికి వల్ల కాదు, లోపలి పదార్థం గాలి తగిలి నల్లబడుతుంది. మురికి అనుకుని సబ్బుతో రోజుకు అయిదారు సార్లు రుద్దితే చర్మం ఎండి, రేగి, మొటిమలు ఎక్కువవుతాయి. పొద్దున, రాత్రి, చెమట బాగా పట్టినప్పుడు ఇంకోసారి మృదువైన ఫేస్‌వాష్ చాలు. నిమ్మరసం, సోడా పొడి, టూత్‌పేస్ట్ ఇవన్నీ చర్మాన్ని కాల్చేవే.

ఇప్పుడు మామూలు మొటిమలకు నేను చెప్పేది బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. అది బ్యాక్టీరియాను చంపుతుంది, దానికి బ్యాక్టీరియా అలవాటు పడిపోదు కూడా. రంగు బట్టలను వెలిసిపోయేలా చేస్తుంది గనక దిండుగలేబు, తువ్వాలు తెల్లవి వాడమని తప్పకుండా చెప్తాను. రంధ్రాలు మూసుకుపోకుండా చూసేది అడాపలీన్ జెల్. అది రాత్రి, బఠాణీ గింజంత, ఒక్క మొటిమ మీద కాకుండా మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి. మొదట రెండు మూడు వారాలు పొట్టు రేగుతుంది, మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కూడా కనిపిస్తాయి. చాలామంది అక్కడే ఆపేసి మళ్లీ రెండు దినాల ట్యూబు వైపు పోతారు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలని ముందే చెప్పకపోతే ఈ మందు ఇచ్చీ లాభం లేదు. గర్భిణులకు, గర్భం కోరుకుంటున్నవాళ్లకు అడాపలీన్ ఇవ్వను. ఇక ఐసోట్రెటినాయిన్ మాత్రలు కడుపులోని బిడ్డను తీవ్రంగా దెబ్బతీస్తాయి, అవి డాక్టరు చేతుల్లో ఉండాల్సిన మందు. క్లిండామైసిన్ జెల్ ఒక్కటే అడిగినవాళ్లకు కూడా డాక్టరును చూడమంటున్నాను, ఒంటరిగా వాడితే బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది.

జాతర వేషాలు మానమని నేనెవరికీ చెప్పను. అది మొక్కు, మా ఊరి పండగ. వేషం దించగానే పూతను గోకకుండా నీళ్లతో నానబెట్టి మెత్తగా కడగమంటాను. కళ్లద్దాల ముక్కుపట్టీలను రోజూ తుడవమంటాను, హెల్మెట్ లోపలి గుడ్డను ఉతకమంటాను.

గిల్లే అలవాటు గురించి మాత్రం కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ముక్కు, పై పెదవి చుట్టూ ఉన్న రక్తనాళాలకు కళ్ల వెనక నుంచి మెదడు దగ్గరి నాళాలతో సంబంధం ఉంది. అక్కడి చీము పైకి పాకడం అరుదు, పాకితే ప్రాణం మీదికి వస్తుంది. ముక్కు లోపల, వెంట్రుకల దగ్గర లేచే నొప్పి కురుపు మొటిమ కాదు, వెంట్రుకలు పీకడం వల్లో వేలు పెట్టడం వల్లో చేరే బ్యాక్టీరియా పని. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముక్కు వాచి జ్వరం వస్తే, కంటి చుట్టూ వాపు కనిపిస్తే ఆ రాత్రికే ఆసుపత్రికి పోవాలి. నలభై దాటాక ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉంటూ మొటిమలు లేస్తుంటే అది రోజేషియా అనే వేరే జబ్బు కావచ్చు. స్టెరాయిడ్ దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది.

“చీటీ లేకుండా ఇయ్యను” అంటే కొందరు పక్క షాపుకే పోతున్నారు. కొందరు నిలబడి ఎందుకని అడుగుతారు. అడిగినవాళ్లకు నా మేనకోడలి సంగతి చెప్తాను, ఆమె అనుమతితోనే.

నా దగ్గర ఆ ట్యూబు కొని బస్సెక్కి పోయినవాళ్లలో ఒకరైనా ఇది చదువుతారని నా ఆశ. మందు ఆపితే ముఖం మండుతోందంటే, ఎండలోకి పోతే ఎర్రబడుతోందంటే, దయచేసి ఇంకో ట్యూబు కొనకండి. ఒక్కరోజులో మానేసి ఇంట్లో కూర్చుని బాధపడనూ వద్దు. మీరు వాడిన ట్యూబును, ఖాళీదైనా సరే, చేతిలో పట్టుకుని ఏదైనా చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. ఎన్నాళ్లు పూశారో దాచకుండా చెప్పండి. ఎవరిచ్చారని అడిగితే, మందుల షాపువాడు ఇచ్చాడని చెప్పండి.