ఎడమ గీత వెంబడి

మన కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో నేను లెఫ్ట్ వింగర్. అదేదో గొప్ప అనుకునేరు. ఇంకెవరికీ వద్దు కాబట్టి ఆ చోటు నాకొచ్చింది. అందరికీ మధ్యలో ఉండాలి, గోల్ కొట్టాలి, కొట్టాక చొక్కా తల మీదికి లాక్కుని గ్రౌండ్ అంతా ఉరకాలి. లెఫ్ట్ వింగ్‌లో ఏముంది? సున్నం గీత పక్కనే పైకీ కిందికీ పరిగెత్తడం, బంతి అందితే ఒకణ్ణి తప్పించి మధ్యలోకి క్రాస్ వేయడం, మళ్ళీ వెనక్కి పరిగెత్తడం. గోల్ పడితే ఫొటో కొట్టినోడిది. పడకపోతే "ఏం క్రాస్ రా అది" అన్న తిట్టు మాత్రం మనది.

ఇట్లా ఉంటుండగా హాస్టల్‌లో ఒక రాత్రి లాప్‌టాప్ చుట్టూ పది మందిమి కూర్చుని 'మైదాన్' సినిమా చూశాం. 2024లో వచ్చింది, అజయ్ దేవ్‌గణ్ కోచ్ రహీమ్‌గా చేసింది. అందరూ రహీమ్ గురించి మాట్లాడుకున్నారు, పీకే బెనర్జీ గురించి మాట్లాడుకున్నారు. నా కళ్ళు మాత్రం ఎడమ పక్కన ఉరికే ఒక కుర్రాడి మీదే ఉన్నాయి. బలరాం. తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ వాడు అని తెలిసేసరికి లేచి కూర్చున్నా. నా రూమ్మేట్‌ది మల్కాజిగిరి. అమ్ముగూడ వాళ్ళ ఇంటికి దగ్గరే. "ఎవర్రా ఈ బలరాం?" అంటే, "ఏమో మామా, మా వైపు అట్లాంటోళ్ళు ఎవరూ లేరే" అన్నాడు.

వాడిని తప్పు పట్టలేం. నేనూ వినలేదు. ఆ తర్వాత సెమిస్టర్ పరీక్షలకి చదవాల్సిన రోజుల్లో నేను చదివింది బలరాం గురించే.

1936లో పుట్టాడు. అమ్మానాన్న తమిళులు. ఇక్కడే మన క్లబ్‌లో ఒకరు చెయ్యెత్తి "మరి మనవాడెట్లా అవుతాడు?" అని అడుగుతారని నాకు తెలుసు. పుట్టింది అమ్ముగూడలో, బంతి తన్నడం నేర్చింది కంటోన్మెంట్ గ్రౌండ్లలో, మొదట ఆడింది హైదరాబాద్‌కి. సికింద్రాబాద్ గల్లీల్లో తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు అన్నీ కలిసే పెరుగుతాయి. దాంట్లోంచి ఒక్క దారం లాగి ఇది మాది, అది వాళ్ళది అంటే బట్టే మిగలదు.

ఇంట్లో డబ్బుల్లేవు. వాళ్ళమ్మకి కొడుకు చదువుకుని ఏదైనా సర్కారు ఉద్యోగంలో కుదురుకోవాలని ఆశ. అచ్చం మన ఇళ్ళలో లాగే. పోలీసులు వాడి పడేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నాడట. వాటితోనే ఆడుతుంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ కంట్లో పడ్డాడు. సంతోష్ ట్రోఫీకి హైదరాబాద్ జట్టు సెలక్షన్లకి రమ్మన్నారు ఆయన. అమ్ముగూడ నుంచి సిటీలోకి రోజూ ఎట్లా రావడం? సైకిల్ అద్దెకి డబ్బుల్లేవంటే, రహీమ్ సాబే ఆ అద్దె డబ్బులు చేతిలో పెట్టారట. సినిమాల్లో ఇట్లాంటి సీన్ వస్తే 'అతి' అంటాం. ఒక దేశపు ఒలింపిక్ వింగర్ అద్దె సైకిల్ మీద తయారయ్యాడు, అంతే.

రహీమ్ గురించి రెండు మాటలు చెప్పకపోతే బలరాం అర్థం కాడు. ఆయన స్కూల్ టీచర్. ఫుట్‌బాల్‌ని కూడా పాఠం చెప్పినట్టే చెప్పేవారు. కుర్రాళ్ళకి వింత వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. నేను ఇది మా టీమ్‌లో ఒక సాయంత్రం పెట్టి చూశా. పది నిమిషాలకే నవ్వలేక కింద పడ్డాం. బంతి ఒక్కటీ పోవాల్సిన చోటికి పోలేదు. ఆ నవ్వులాట దాటి నెలల తరబడి చేస్తే ఏమవుతుందో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చూపించింది. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ వాళ్ళదే. అదే నగరంలో రైడర్స్ క్లబ్ అనే చిన్న జట్టుకి ఆడుతూ బలరాం 1956లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ జట్టులోకి వచ్చాడు. కప్ హైదరాబాద్‌దే. అదే ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత జట్టులోనూ ఉన్నాడు. వయసు 20. ఆ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం. ఫుట్‌బాల్‌లో! మళ్ళీ చదవండి, తప్పు అచ్చు కాదు.

1957లో బలరాం కలకత్తా వెళ్ళిపోయాడు, ఈస్ట్ బెంగాల్‌కి.

ఈ 'వెళ్ళిపోయాడు' అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. మాది జొన్నగిరి, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. మా ఊరి పేరు మీరు ఏడాదికోసారి టీవీలో వింటారు, జూన్‌లో. నాలుగు చినుకులు పడగానే ఎక్కడెక్కడి జనమో వజ్రాల కోసం మా చేలల్లోకి దిగుతారు. అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి సద్దులు కట్టుకుని వస్తారు, చెట్ల కింద పడుకుంటారు, పొద్దున్నించి పొద్దుగూకేదాకా తల వంచుకుని నేల చూసుకుంటూ నడుస్తారు. దొరికినోళ్ళు వ్యాపారికి అమ్ముకుంటారు. ఆ రాయి తర్వాత యాడికి పోతుందో, సానబట్టినాక దాని ధరెంతో, ఎవరి వేలికి ఎక్కుతుందో ఊళ్ళో ఎవరికీ తెలీదు. మాకు మిగిలేది "ఫలానోళ్ళ చేన్లో దొరికిందంట" అన్న మాట ఒక్కటే. హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే అయ్యుండాలి. రాయి ఇక్కడిది, వెలుగు అక్కడ. బలరాం తర్వాత మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, ఇంకా ఎందరో కలకత్తా రైలెక్కినవాళ్ళే. అక్కడ డబ్బుంది, ఉద్యోగాలున్నాయి, స్టేడియం నిండా జనం ఉన్నారు. వాళ్ళు వెళ్ళడంలో తప్పేముంది? నేనూ రేపు బెంగళూరు పోతా. కానీ చేను మాత్రం ఖాళీ అయింది.

ఇదే కాలంలో స్కాట్లాండ్‌లో ఇంకో వింగర్ ఉండేవాడు, జిమ్మీ జాన్‌స్టన్. పొట్టివాడు, ఎర్రజుట్టు, కుడి పక్కన ఆడేవాడు. 1967లో అతని జట్టు సెల్టిక్ లిస్బన్‌లో యూరోపియన్ కప్ గెలిచింది. ఆ 11 మందీ గ్లాస్గోలోని తమ గ్రౌండ్‌కి 30 మైళ్ళ లోపల పుట్టినవాళ్ళే. ఊరి పిల్లలు ఊరి జట్టుకి ఆడి యూరప్‌ని గెలిచారు. జాన్‌స్టన్‌ని 2002లో అభిమానులు సెల్టిక్ చరిత్రలోనే గొప్ప ఆటగాడిగా ఎన్నుకున్నారు, పోయాక స్టేడియం బయట విగ్రహం పెట్టారు. అతనికీ కష్టాలు తక్కువేం కాదు. కానీ అతని పేరు చెప్పుకోవడానికి అతని ఊరు ఉంది. బలరాంది ఏ ఊరు? బెంగాలీలకి అతను ఈస్ట్ బెంగాల్ బలరాం. మనకి అసలు తెలీదు.

ఇక ఆట సంగతి. ఈస్ట్ బెంగాల్‌కి నూటికి పైగా గోల్స్ కొట్టాడు. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. వింగర్ అయ్యుండీ ఇన్ని గోల్సా అని నాకు మొదట అనుమానం వచ్చింది. ముందు వరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడట, మధ్యలో, లోపల ఎడమ, బయట ఎడమ. రెండు కాళ్ళూ పనిచేసేవి. ఆ బలహీన కాలి టోర్నమెంట్లు ఇక్కడ గుర్తొస్తాయి నాకు.

1960 రోమ్ ఒలింపిక్స్. మన గ్రూప్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. డ్రా తీసినవాడికి మన మీద పగ ఉండాలి. హంగరీ జట్టులో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఏడేళ్ళ తర్వాత యూరప్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నవాడు. అతనూ గోల్ కొట్టాడు, మన బలరామూ కొట్టాడు, 2-1తో హంగరీ గెలిచింది. ఒక్క గోల్ తేడా. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, మన గోల్ పీకే బెనర్జీది. పెరూ చేతిలో 3-1తో ఓడాం, చివర్లో ఆ ఒక్క గోల్ మళ్ళీ బలరాందే. టోర్నీ మొత్తంలో ఇండియా కొట్టినవి 3, అందులో 2 మన అమ్ముగూడ కుర్రాడివి.

ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కి అర్హత సాధించనే లేదు. అంటే పెరూ మీద పడిన ఆ గోల్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆఖరి గోల్. అరవై ఏళ్ళు దాటిపోయింది. క్విజ్ క్లబ్ వాళ్ళు చదువుతుంటే ఈ ప్రశ్న రాసిపెట్టుకోండి. జవాబు చెప్పేవాడు దొరికితే టీ నేను తాగిస్తా.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సినిమాలో చూశారు కాబట్టి పొడవుగా చెప్పను. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వనందుకు ఆ గేమ్స్‌ని భారత అధికారి సోంధీ విమర్శించడంతో ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్, లక్ష మంది, మన కాలికి బంతి తగిలితే చాలు అరుపులు. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చాడు. జర్నైల్ సింగ్ తలకి కుట్లు, అయినా ముందు వరసలో నిలబడ్డాడు. కుడి పక్క పీకే, మధ్యలో చున్నీ గోస్వామి, ఎడమ పక్క బలరాం. మొదటి 20 నిమిషాల్లోనే పీకే, జర్నైల్ చెరొకటి కొట్టారు. 2-1తో కొరియా ఓడింది. అదే కొరియా అంతకు ముందు గ్రూప్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించింది. ఆ ఓటమి తర్వాత జపాన్ మీద గెలిచిన 2-0లో ఒకటి బలరాం గోల్. కానీ ఫైనల్ స్కోరుబోర్డు మీద అతని పేరు లేదు. లెఫ్ట్ వింగ్ వాళ్ళకి ఇది అలవాటే.

ఆ తర్వాతి ఏడాది 1963. జూన్‌లో రహీమ్ కాన్సర్‌తో పోయారు. బలరాంకి ఊపిరితిత్తుల జబ్బు పట్టింది. వింగర్‌కి ఊపిరే పెట్టుబడి. కాలు విరిగితే అతుక్కుంటుంది, ఊపిరితిత్తి పాడైతే ఏం చేస్తాడు? పెద్ద ఆట అక్కడితో ఆగింది. 27 ఏళ్ళకి. మనలో చాలామంది ఆ వయసుకి ఇంకా 'ఏం చేద్దాం' అని ఆలోచిస్తుంటాం. అతను అప్పటికే రెండు ఒలింపిక్స్, ఒక ఏషియన్ గోల్డ్, ఒక అర్జున అవార్డు చూసి ముగించేశాడు.

పీకేకీ, చున్నీకీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకి రాలేదు. ఆ ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పే బెంగాల్‌లో ఇది పాత గొడవ. మన దగ్గర గొడవ కూడా లేదు, పేరు తెలిస్తే కదా. ఆయన పెళ్ళి చేసుకోలేదు. రైల్వే ఉద్యోగం చేసి, హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడలో ఒంటరిగా బతికారు. 2020లో 41 రోజుల తేడాలో పీకే, చున్నీ ఇద్దరూ పోయారు. 2023 ఫిబ్రవరి 16న ఈయనా కలకత్తాలోనే కన్నుమూశారు, 86 ఏళ్ళకి. ఆ రోజు మేం ఇంటర్ చదువుతున్నాం. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ వార్త రాలేదు.

మొన్న జొన్నగిరి పోయినప్పుడు మా జేజినాయనకి ఇదంతా చెప్పా. ఆయనకి ఫుట్‌బాల్ తెలీదు, కబడ్డీ తెలుసు. అంతా విని ఒకటే అడిగినాడు: "ఆ సైకిల్ బాడుగ తిరిగి ఇచ్చినాడా ల్యాదా?" నా దగ్గర జవాబు లేదు. ఒలింపిక్ గోల్ గురించి ఎంత చెప్పినా ఆయన మనసు సైకిల్ దగ్గరే ఉండిపోయింది.

ఇంకొక్క సంగతి ఉంది. నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్, తండాలో పుట్టిన పిల్ల, ఆడేది వింగ్‌లోనే. భారత జట్టుకి ఆడింది, 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. ఇప్పుడు కలకత్తాలో ఉంది. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో తనూ ఉంది. ఆ జట్టు ఈస్ట్ బెంగాల్. అదే ఎరుపు, అదే పసుపు. మ్యాచ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చూసేటప్పుడు బంతి వెంట కాకుండా గీత వెంట చూడండి.